చిన్నదాని గిటారు వైరు

ఈసారి వంటా కాదు, పచ్చడీ కాదు. బేస్ గిటారుకు వైరు ఎలా కొనాలో రాస్తున్నాను. నవ్వకండి. ఇంట్లో పిల్లలు గిటారో కీబోర్డో వాయిస్తుంటే మీకూ పనికొస్తుంది, నాలుగు డబ్బులూ మిగులుతాయి.

మా తిరుమలగిరి సూర్యాపేట నుంచి జనగామ పోయే రోడ్డు మీద ఉంటుంది. పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో ఆర్కెస్ట్రాలకు పని. మా చిన్నమ్మాయి డిగ్రీ చదువుకుంటూనే రెండేళ్ళుగా అలాంటి ఒకదాంట్లో బేస్ వాయిస్తోంది. బేస్ అంటే నాలుగు లావు తీగలు, పొడుగు మెడ. పాటలో అది విడిగా వినపడదు గానీ తీసేస్తే పప్పులో ఉప్పు మరిచిపోయినట్టుంటుంది. ఇళయరాజా 'గీతాంజలి' పాటలు ఒకసారి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి, అడుగున నడిచే ఆ గొంతే బేస్. ముంబైలో పుట్టిన మోహినీ డే అనే అమ్మాయి రెహమాన్ కచేరీల్లో ఇదే వాయించింది. ఆమె వీడియోలు చూసే మా దానికి పిచ్చి పట్టింది.

పోయిన మాఘమాసంలో ఒక ఫంక్షన్ హాల్లో పాట మధ్యలో బేస్ కరకరమని ఆగిపోయిందట. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఆగింది. రెండు రోజులకు ఆర్కెస్ట్రా పెద్దాయన మా ఇంటికొచ్చి, చాయ్ తాగి, నెమ్మదిగా అన్నాడు: "వదినా, పాప మంచిగనే వాయిస్తది గానీ స్టేజీ మీద చెయ్యి వణుకుతున్నట్టుంది. ఈ సీజన్‌కు వేరే పిల్లగాణ్ణి చూస్తున్న." లోపల గదిలోంచి అది విన్నది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మా ఆయన, "పోనియ్యే, రాత్రుళ్ళు తిరుగుడన్న తప్పుతది" అన్నాడు.

నాకు మాత్రం నమ్మబుద్ధి కాలేదు. రోజూ పొద్దుగూకే వేళ వంటింట్లోకి ఆ వాయింపు వినపడుతూనే ఉంటుంది. అది వణికే చెయ్యి కాదు. తెల్లారి దాన్ని కూర్చోబెట్టి, "నువ్వు వాయించకు, గిటారు ఆంప్లిఫయర్‌కు పెట్టి సౌండు పెంచి ఊకో" అన్నాను. వైరును జానెడు జానెడు పట్టుకుని వంచుకుంటూ పోయాను. ఆంప్లిఫయర్ పక్క పిన్ను మొదట్లో వంచగానే కరకర! ఇస్త్రీ పెట్టె వైరు ఎప్పుడూ ఎక్కడ తెగుతుందో సరిగ్గా అక్కడే. పక్కింటి అబ్బాయి వైరు తెచ్చి మారిస్తే చప్పుడే లేదు. అది నా మొహం చూసింది, నేను దాని మొహం చూశాను. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

ఆ వైరు 200 రూపాయలది, రెండేళ్ళలో మూడోది. అచ్చుపోసిన ప్లాస్టిక్ పిన్ను కాబట్టి తెగితే విప్పి బాగుచేయడానికి లేదు, పారేయడమే. ఇట్లా కొంటూ పోతే చవక ఏముంది?

అందుకే ఇద్దరం హైదరాబాద్ బస్సెక్కి కోఠి గుజరాతీ గల్లీకి పోయాం. ఒక కొట్టాయన బంగారు పూత పిన్నులున్న 4,000 రూపాయల వైరు చూపించి సౌండు మారిపోతుందన్నాడు. బంగారు పూత తుప్పు పట్టనివ్వదు, అంతే. దాంతో పాట తియ్యగా అయ్యేది ఉండదు. ఇంకో కొట్టులో ఓపికున్న పెద్దాయన ముక్క కోసి లోపల చూపించాడు. నడుమ సన్న రాగి తీగల పోగు, దాని మీద ప్లాస్టిక్, దాని మీద రాగి వల. గిటారు నుంచి వచ్చే కరెంటు చాలా బలహీనం, ఆ వల లేకపోతే ట్యూబులైటు, ఫ్యాను మోత అన్నీ లోపలికి వచ్చేస్తాయి. ఆ వల జడలా అల్లి ఉంటే గట్టిది. తాడులా ఒకే వైపు చుట్టినది మెత్తగా ఉంటుంది గానీ వంచగా వంచగా సందులు పడతాయి. రేకు చుట్టినది ఒకచోట బిగించి వదిలేసే పనికే, స్టేజీ మీద తొక్కుడుకు ఆగదు.

పిన్ను సంగతి నాకు భలే నచ్చింది. ఈ 6.35 మిల్లీమీటర్ల పిన్ను పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీలది. ఆపరేటరమ్మలు బోర్డు మీద గుచ్చి కాల్ కలిపేవాళ్ళే, అదే. మరతో విప్పుకునే లోహపు పిన్ను తీసుకోండి. లోపల వైరును గట్టిగా పట్టుకునే బిగింపు ఉందా లేదా చూడండి. వైరు బతికేది దాని మీదే.

పొడుగు కూడా ఆశపడి కొనొద్దు. వైరు పెరిగేకొద్దీ బ్యాటరీ లేని గిటారులో సన్నని స్వరాలు మొద్దుబారతాయి. బేస్‌కు అది కొంత తక్కువగానే తెలుస్తుంది, అయినా దండగ ఎందుకు? ఇంట్లో 3 మీటర్లు, స్టేజీకి 6 మీటర్లు చాలు. బ్యాటరీ ఉన్న రకమైతే వాయించడం అయిపోగానే వైరు పీకేయాలి, గుచ్చి ఉంచితే బ్యాటరీ దిగిపోతూనే ఉంటుంది. గ్యాస్ రెగ్యులేటరు కట్టేసినట్టే అనుకోండి.

ఇంకొకటి. స్పీకరు బాక్సు వైరుకు కూడా ఇదే పిన్ను ఉంటుంది, చూడ్డానికి కవలల్లా ఉంటాయి. దాంట్లో వల ఉండదు, గిటారుకు పెడితే గుయ్యిమంటుంది. గిటారు వైరు తీసి స్పీకరుకు పెడితే వైరు వేడెక్కుతుంది, ఆంప్లిఫయర్ కూడా పాడవ్వొచ్చు.

చివరికి తయారు వైరు కొననేలేదు. జడ అల్లిక వైరు మీటరు 60 చొప్పున 6 మీటర్లు, మంచి పిన్నులు రెండు 150 చొప్పున. మొత్తం 660. మా ఊరి టీవీ మెకానిక్ దగ్గర ఒక పూట కూర్చుని సోల్డరింగ్ అదే నేర్చుకుని అతికించుకుంది. మల్టీమీటరుతో చూసుకోవడం కూడా ఆయనే చెప్పాడు: ఈ కొన నుంచి ఆ కొనకు, ఒంటి నుంచి ఒంటికి కూత రావాలి, కొనకూ ఒంటికీ మధ్య రాకూడదు.

అయినా ఇంట్లో సన్నగా గుయ్యిమనే మోత పోలేదు. అది వైరుది కాదు, మా ఇంటి ఎర్తింగ్‌ది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి గొయ్యి తవ్వించి, ఉప్పూ బొగ్గూ పోయించి, పైపు వేయించాం. దీనికి మాత్రం మా ఆయన ఒక్క మాట అనలేదు. తీగల మీద చెయ్యి పెట్టి మైకు తాకితే చిన్నదానికి ఒకసారి జివ్వుమన్నదని విన్న రోజు నుంచి ఆయనకూ భయమే.

వైరును మోచేతికి దండెం తాడులా చుట్టనివ్వను, మెలికలు పడి లోపలి పోగులు తెగుతాయి. ఒక చుట్టు మామూలుగా, తర్వాతి చుట్టు లోపలికి తిప్పి. వాయించేటప్పుడు బెల్టు సందులోంచి తీసి గుచ్చుకుంటుంది, ఎవరి కాలైనా తగిలితే గుంజుడు పిన్ను మీద పడదు.

వైరు వంచి కరకరలాడించిన వీడియో తీసుకుని అదే ఆర్కెస్ట్రా ఆయన దగ్గరికి పోయింది. ఆయన రెండుసార్లు చూసి, "అట్లనా" అన్నాడంతే. క్షమించమన్నదేమీ లేదు. కానీ ఫాల్గుణంలో ఐదు పెళ్ళిళ్ళకు పిలిచాడు, పెళ్ళికి 1,500 చొప్పున.

పోయిన వారం ఆయనే ఫోన్ చేసి, కీబోర్డు పిల్లగాడికి అలాంటివే రెండు చేసిపెట్టమన్నాడు. మా చిన్నది వైరుకు మీటరు లెక్కన, పిన్నులకు వేరే చెప్పింది. "ఇక కూలి అన్నా, అది సెపరేటు" అంటుంటే వంటింట్లో నేను విన్నాను.