ఒకటో నంబరే కదా అనుకుంటే...

తెల్లారకముందే ఉప్పాడ తీరంలో సందడి మొదలవుతుంది. రాత్రంతా నేల చల్లబడటంతో ఆ వేళకి గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తుంటుంది. తెరచాప ఎత్తితే చాలు, తెప్ప లోపలికి సాగిపోతుంది. ఎండెక్కాక గాలి దారి మళ్లుతుంది. పొద్దున పంపిన తెప్పను మధ్యాహ్నం ఒడ్డుకు తోసేది ఆ గాలే! ఇంజన్లు వచ్చాక ఈ లెక్క కాస్త వెనకబడింది గానీ, పూర్తిగా మరుగున పడలేదు.

అక్కడికి దగ్గర్లోనే ఉన్న కాకినాడ రేవుది ఇంకో అదృష్టం. గోదావరి తెచ్చిన ఇసుక మేట వేసి ఏర్పడిన హోప్ ఐలాండ్, సుమారు 16 కిలోమీటర్ల పొడవున అడ్డుగోడలా నిలిచి అలల ధాటిని ఆపుతుంది. లోపలి నీళ్లు చెరువులా కనిపిస్తాయి. చిక్కంతా అక్కడే. వాటిని చూసి బయటి సముద్రాన్ని అంచనా వేయలేం.

ప్రమాద హెచ్చరికల సంగతీ అంతే. 'ఒకటో నంబరే కదా' అని తేలిగ్గా తీసుకుంటాం. నిజానికి ఆ అంకె ముందుగా చెప్పేది రేవు గురించి. ఒకటి అంటే ఎక్కడో దూరాన వాయుగుండం ఉంది, రేవుకు ఇంకా ముప్పు లేదని. రెండు అంటే దూరాన తుపాను ఉంది, రేవు వదిలి వెళ్లే ఓడలకు ప్రమాదమని. మూడో నంబరుకి గానీ రేవులో ఈదురుగాలుల మాట రాదు. అంటే, రేవు క్షేమంగా ఉన్నప్పుడే వేటకెళ్లిన పడవ ఆపదలో ఉండొచ్చన్నమాట! ఇంకో విచిత్రం... ఎనిమిది కన్నా తొమ్మిది పెద్ద తుపానేం కాదు. రేవుకు ఏ పక్క నుంచి వెళ్తుందన్నదే తేడా. పది అయితే రేవు మీదుగానో, బాగా దగ్గరగానో. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని.

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తుపాను తీరం దాటింది. వేటకెళ్లిన ఎన్నో పడవలు తిరిగి రాలేదు. మృతులు, గల్లంతైనవారు కలిపి వెయ్యి దాటారు.

ఇప్పుడు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అలల ఎత్తునీ గాలి వేగాన్నీ ముందే చెబుతోంది. బయల్దేరేముందు అది చూసుకోవాల్సిందే. ఫోను అందనంత దూరం వెళ్లాక మాత్రం సముద్రం చెప్పేదే వినాలి. గాలి లేకుండానే పొడవాటి బరువైన అలలు వరసకట్టి వస్తున్నాయంటే దూరాన ఏదో తుపాను రేగిందని అనుమానించాలి. గాలి పుంజుకుంటే దానికి వీపు పెట్టి నిలబడాలి. మన బంగాళాఖాతంలో అల్పపీడనం ఎడమచేతి వైపు ఉంటుంది. అప్పుడిక వల సగం వేసి ఉన్నా సరే, లాగేసి ఒడ్డు దారి పట్టడమే.