నరం కాదు, మడమ తాడు

మన వైపు అన్నిటికీ ఒకటే మాట, నరం. రక్తం పారేదీ నరమే, స్పర్శ తెలిపేదీ నరమే, కండను ఎముకకు కట్టే తాడూ నరమే. బి.ఏ. తెలుగు చదివిన నాకు కూడా మడమ వెనక చేతికి గట్టిగా తగిలే ఆ తాడుకు వేరే పేరు నోటికి రాలేదు. డాక్టర్లు అకిలీస్ టెండన్ అంటారు. గ్రీకుల కథలో అకిలీస్‌ను తల్లి మడమ పట్టుకుని నదిలో ముంచిందట. ఆమె చేయి పట్టిన చోటే తడవక, అక్కడే అతనికి చావు రాసిపెట్టి ఉంది. మన కృష్ణుడికీ బోయవాడి బాణం తగిలింది పాదానికే కదా!

పోయినేడు కర్నూల్లో పొద్దున షటిల్ ఆడుతుంటే మా ఆయనకు వెనక నుంచి ఎవరో తన్నినట్టయిందట. తిరిగి చూస్తే ఎవరూ లేరు. తెగింది ఆ తాడే. వయసు 48, పైగా పదేళ్లుగా షుగరు.

కడప నుంచి మా అత్త ఫోన్ చేసింది. "పుత్తూరు కట్టు కట్టిచ్చుకొస్తే సరిపోతాది గదమ్మా, కోతలెందుకు?"

పుత్తూరు కట్టు విరిగిన ఎముకకు. ఇది ఎముక కాదు. డాక్టరు ఆయన్ని బోర్లా పడుకోబెట్టి పిక్క నొక్కితే మంచి కాలి పాదం కదిలింది, రెండోది కదల్లేదు. అత్తకు అదే చెప్పాను.

దారులు మూడన్నారు. పెద్ద కోత పెట్టి తెగిన కొసలు ఎదురుగా చూస్తూ కుట్టడం. చిన్న చిన్న కోతల్లోంచి దారం పోనిచ్చి కుట్టడం. కోతే లేకుండా, పాదం కిందికి వంచి బూటు వేసి అతుక్కోనివ్వడం. 2022లో వచ్చిన నార్వే పరిశోధనలో 526 మందిని చూస్తే, ఏడాది తర్వాత మూడు దారుల వాళ్లూ దాదాపు ఒకేలా ఉన్నారట. కోత లేనివాళ్లలో నూటికి ఆరుగురికి మళ్లీ తెగింది, కుట్టినవాళ్లలో నూటికి ఒక్కరి కంటే తక్కువ మందికే. చిన్న కోతలో మాత్రం పక్కనుండే స్పర్శ నరం దెబ్బతినడం ఎక్కువ, నూటికి ఐదుగురికి.

మా ఆయన "నీ ఇష్టం" అనేసి గోడవైపు తిరిగారు. మడమ దగ్గర చర్మం పలచన, షుగరు కాలికి పుండు మానదు. అంగట్లో రోజంతా నిలబడే మనిషికి మళ్లీ తెగితే ఇల్లు గడవదు. రెండూ తూచి, చిన్న కోతే చేయమన్నాను.

ఆ తర్వాత నెలల తరబడి బూటు, వ్యాయామాలు. నేలమీద గొంతుక్కూర్చునే దొడ్డి ఆయనకు పనికిరాక వెస్టర్న్ పెట్టించాం. పగిలిన పింగాణీ అంచు మీద కాలు జారి ఈ తాడు కోసుకునేవాళ్లూ ఉంటారట. మీ ఇంట్లో అంచు పగిలి ఉంటే ఈరోజే మార్పించండి. తెగితే పసుపు అద్ది ఊరుకోకండి, లోపల కడిగి కుట్టాల్సిందే.

ఇప్పుడు ఆయన మెట్లు దిగుతున్నారు. చిటికెన వేలి వైపు మాత్రం ఇంకా మొద్దుబారే ఉంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. అందుకే రోజూ రాత్రి దీపం వెలుగులో ఆ పాదం తిప్పి తిప్పి చూస్తాను. ఆయనకు తెలియని చోటు నాకు తెలియాలి.