పంటి నమూనాకు ఊతలు

తెలుగులో 'అచ్చు' అన్న మాటకు అర్థాలు చాలా ఉన్నాయి. వర్ణమాలలోని స్వరము అచ్చు. పుస్తక ముద్రణ అచ్చు. బెల్లం పోసే మూస అచ్చు. తండ్రిని పోలిన కొడుకును చూచి అచ్చు గుద్దినట్లున్నాడంటాము. పెడనలో టేకు చెక్కపై పువ్వులూ లతలూ చెక్కి బట్టమీద అద్దేది అచ్చు. చిలకలపూడిలో రోల్డుగోల్డు నగకు రేకును పువ్వుగా మలిచేదీ అచ్చే. ఉర్దూలో దీనినే సాంచా అంటాము. మన బందరు ప్రాంతంలో ఎన్నో కుటుంబాలు తరతరాలుగా అచ్చులను నమ్ముకొని అన్నం తిన్నాయనడం అతిశయోక్తి కాదు.

ఆ వరుసలో కడపట వచ్చి చేరిన అచ్చు ఒకటున్నది. అది మనిషి నోటి అచ్చు. దంతవైద్యుడు తీసిన పలువరుస కొలతను అనుసరించి, ద్రవరూపంలో ఉండే రెజిన్‌ను యంత్రం మీద పొరలు పొరలుగా వెలుతురుతో గట్టిపరచి తయారుచేసే నమూనా. తెలుగు పాఠం చెప్పుకొనేవారికి పండ్ల అచ్చుతో పనియేమని విద్యార్థులు నవ్వుకోవచ్చు. పని ఉన్నది. మా మేనమామగారి దవడ అందుకు ఒక కారణం. మా వద్ద చదువుకొన్న విద్యార్థి ఒకడు ఈ పనితోనే సంసారం నడుపుకొంటూ ఉండడం రెండవ కారణం.

మా మేనమామగారిది శ్రీకాకుళం. ఉత్తరాంధ్రలోని జిల్లా కేంద్రం కాదు. ఘంటసాల మండలంలో కృష్ణ ఒడ్డున ఆంధ్రమహావిష్ణువు ఆలయంతో ప్రసిద్ధి చెందిన శ్రీకాకుళం. శ్రీకృష్ణదేవరాయలకు ఆముక్తమాల్యద వ్రాయవలసిందిగా స్వప్నంలో ఆనతి లభించిన చోటు ఇదేనని తరగతిలో ఏటా చెబుతూనే ఉన్నాము. ఎంత చరిత్ర ఉన్న ఊరైనా పన్ను నొప్పి వస్తే బస్సెక్కవలసిందే. మామూకు ఎడమవైపు దవడ పన్ను ఒకటి ఊడిపోయింది. దానికి అటూ ఇటూ ఉన్న పండ్లను ఆధారం చేసికొని బ్రిడ్జి కట్టాలన్నారు. ఒక పట్టణంలోని వైద్యశాలలో మెత్తటి ముద్దను నోటిలో పెట్టి కొలత తీశారు. ఆ ముద్ద సముద్రపు నాచునుండి తీసిన ఆల్జినేటు. తేమ ఆరినకొద్దీ అది కుంచించుకొనిపోతుంది. అందుచేత ఆలస్యం చేయకుండా అందులో ప్లాస్టరు పోసి నమూనా తీయాలి. మామూ కొలత మాత్రం వేరొక ఊరి లాబొరేటరీకి బస్సు పార్సిలులో పోయింది. వారం తరువాత వచ్చిన బ్రిడ్జి పండ్లమీద కుదురుగా కూర్చోలేదు. మళ్ళీ కొలత, మళ్ళీ పార్సిలు, మళ్ళీ ప్రయాణం. అవి వరికోతల రోజులు.

"నాలుగు ముద్దలు నమలడానికి నాలుగు రోజుల పని పోయింది బేటా" అన్నారు మామూ. ఆ మాటలో కోపం లేదు, అలసట ఉన్నది.

తప్పెవరిదో విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. నమూనాలో వెంట్రుకవాసి తేడా ఒక కౌలురైతును ఎన్ని బస్సులెక్కిస్తుందో చెప్పడమే మా ఉద్దేశం. పంటి నమూనాను గురించి తెలిసికోవాలన్న కోరిక మాకు అప్పుడు కలిగింది.

ఇప్పుడు ముద్దకు బదులు అనేక వైద్యశాలల్లో చిన్న స్కానరును నోటిలో త్రిప్పుతున్నారు. పలువరుస రూపం కంప్యూటరులోకి ఎక్కుతుంది. అది ఆరదు, కుంచించుకొనిపోదు, పార్సిలులో నలగదు. నిమిషాలలో లాబొరేటరీకి చేరుతుంది. అక్కడ దానినుండి రెజిన్ నమూనా తీస్తారు. ఈ విద్యకు ఆద్యులు ఇద్దరు. కాంతికి గట్టిపడే ద్రవాన్ని పొరలుగా పేర్చి వస్తువును నిర్మించే పద్ధతిని జపానులోని నగోయాలో హిదెయో కొడామా 1981లో ప్రకటించారు. అమెరికాలో చార్లెస్ హల్ 1984లో ఇటువంటి యంత్రానికి పేటెంటు కోరి 1986లో పొందారు. వారు వేసిన బాట ఈనాడు విజయవాడ సందులలోని లాబొరేటరీలదాకా వచ్చింది.

గత వేసవి సెలవులలో మా విద్యార్థి పనిచేసే చోటికి వెళ్ళి ఒక పూటంతా కూర్చున్నాము. యంత్రం పెద్దదేమీ కాదు. ఒక చిన్న తొట్టి, అందులో రెజిన్. తొట్టి అడుగు పారదర్శకమైన పలుచని పొర. దాని క్రిందినుండి ఊదారంగు కాంతి పడుతుంది. పైనుండి ఒక లోహపు పీట ద్రవంలోకి దిగుతుంది. నమూనా పీటకు తలక్రిందులుగా, చింతకొమ్మకు గబ్బిలం వ్రేలాడినట్లు వ్రేలాడుతూ పెరుగుతుంది. ఒక్కొక్క పొర మందం 50 మైక్రాన్లో 100 మైక్రాన్లో ఉంటుంది. 20 మిల్లీమీటర్ల ఎత్తుగల నమూనాను 50 మైక్రాన్ల పొరలతో తీస్తే 400 పొరలవుతాయి. గట్టిపడిన ప్రతి పొర తొట్టి అడుగుకు కూడా అంటుకొంటుంది. పీట పైకి లేచినప్పుడల్లా దానిని లాగి ఊడదీయాలి. నాలుగు వందల పొరలకు నాలుగు వందల లాగుళ్ళు! ఆ లాగుడుకు వంగకుండా, విరగకుండా, తొట్టిలో రాలిపోకుండా నమూనాను పీటకు పట్టి ఉంచేవే ఊతలు. అక్కడివారు వాటిని సపోర్టులంటారు.

ఊతలు పెట్టడానికి ముందు నమూనాను సిద్ధం చేయాలి. స్కానరు పంపే రూపానికి పైతొడుగే తప్ప లోపల కండ ఉండదు. అందులో అక్కడక్కడ చిల్లులుంటాయి, వాటిని పూడ్చాలి. నాలుకా బుగ్గా అడ్డువచ్చి ఏర్పడిన అక్కరలేని అంచులను కత్తిరించాలి. క్రింద పీఠం కట్టాలి. రెజిన్ ఖరీదైనది గనుక లోపల బోలుగా ఉంచి, గోడను రెండు మూడు మిల్లీమీటర్ల మందంతో మిగల్చడం వాడుక. బోలుగా చేస్తే గాలీ ద్రవమూ పోవడానికి రంధ్రాలు తప్పనిసరి. లేకుంటే ఆ బోలు పీల్చుడుబుడ్డివలె తొట్టి అడుగును పట్టి లాగుతుంది; లోపల చిక్కిన పచ్చి రెజిన్ తరువాత ఎప్పుడో గోడను పగులగొట్టుకొని బయటికి వస్తుంది. గుర్రపునాడా ఆకారంలో ఉండే నమూనాకు రెండు కొసలూ దగ్గరకో దూరానికో పోకుండా మధ్యలో అడ్డుకడ్డీ వేస్తారు. చివరకు రోగి గుర్తు సంఖ్యను పీఠం మీద చెక్కుతారు. ఒకరి పండ్లు మరొకరికి పోకూడదు గదా!

ఇక ఊతలు. స్లాబు పోయడం చూడని విద్యార్థి మనలో ఉండడు. సెంట్రింగు కొట్టి, క్రింద సరుగుడు కర్రలు నిలిపి, పైన కాంక్రీటు పోస్తారు. గట్టిపడిన తరువాత కర్రలు తీసివేస్తారు. గృహప్రవేశం నాడు ఆ కర్రలను తలచుకొనేవారుండరు. కాని ఒక్క కర్ర జారితే స్లాబు కిందికి దిగుతుంది. పంటి నమూనాకు ఊత ఆ కర్ర వంటిదే. తేడా ఒక్కటున్నది. సరుగుడు కర్ర మచ్చ స్లాబు అడుగున ఉంటే సున్నంతో కప్పవచ్చు. ఊత మొన అర మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. తీసినచోట చిన్న బొడిపెగానో గుంటగానో మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ పన్ను నమిలే తలంమీద పడినా, వైద్యుడు పంటిని అరగదీసి క్యాపు కూర్చోవడానికి చేసిన అంచుమీద పడినా, ఆ నమూనా ఎందుకూ కొరగాదు. దానిమీద సరిచూచిన బ్రిడ్జి నోటిలో కూర్చోదు. మామూ మళ్ళీ బస్సెక్కాలి.

అందుచేత మొదటి నియమం ఇది: పండ్లను ఊతలకు దూరంగా త్రిప్పి, ఊతలన్నిటినీ పీఠం అడుగునా వెనుకనూ నిలపాలి. రెండవది: పెరిగే క్రమంలో ఏ భాగమైనా క్రింది పొరతో సంబంధం లేకుండా హఠాత్తుగా మొదలవుతున్నదేమో వెదకాలి. వారు దానిని ద్వీపమంటారు. దివిసీమ వాసులకు ఆ మాట వేరుగా వివరించనక్కరలేదు. ద్వీపానికి ఊత లేకపోతే ఆ ముక్క తొట్టిలో రాలి, పక్క నమూనాలను కూడా చెరుపుతుంది. మూడవది: ఊత మొదట లావుగా, మొన సన్నగా ఉండాలి. మొన మరీ లావైతే మచ్చ పెద్దది; మరీ సన్నమైతే లాగుడుకు తెగుతుంది.

పీఠాన్ని పీటకు నేరుగా అంటించి, ఊతలే లేకుండా పడుకోబెట్టి తీయడమూ ఉన్నది. త్వరగా అవుతుంది. పీటను తాకే పొరలకు ఎక్కువ కాంతి ఇస్తారు గనుక అవి కొంచెం బయటికి ఉబ్బుతాయి; అది పీఠం దగ్గరే గనుక చాలాసార్లు ఇబ్బంది లేదు. పళ్ళెంలో ఎక్కువ నమూనాలు పట్టాలంటే నిలబెట్టాలి. అప్పుడు ఎత్తు 60 మిల్లీమీటర్లయితే పొరలు 1,200 అవుతాయి, కాలమూ ఆ మేరకు పెరుగుతుంది. ఇటువంటి యంత్రానికి ఒకటి వేసినా ఆరు వేసినా ఎత్తు సమానమైతే కాలం సమానమే. ఎన్ని ఉన్నాయో, ఎప్పటికి కావాలో చూచుకొని పడుకోబెట్టాలా నిలబెట్టాలా అని నిర్ణయించడం మనిషి పని.

"మీట నొక్కితే కంప్యూటరే ఊతలు పెట్టదా బాబూ?" అని అడిగాము.

"పెడుతుంది సార్. చూడండి" అని అతడు మీట నొక్కాడు. నమూనా చుట్టూ ఊతల అడవి మొలిచింది. అందులో రెండు, అరగదీసిన పంటి అంచుమీద నిలిచాయి. వాటిని తీసివేసి, నమూనాను కొంచెం వంచి, పీఠం వెనుక మూడు క్రొత్తవి పెట్టాడు. "దానికి బరువు తెలుసు సార్, వంపు తెలుసు. ఏది పన్నో ఏది చిగురో దానికి తెలియదు. అది నేను చూసుకోవాలి."

మేము ఆనాడు నేర్చుకొన్న పాఠం ఇదే. యంత్రం వచ్చినంత మాత్రాన పంటి ఆకారం తెలిసిన మనిషికి పని పోలేదు. ఏ పన్నుకు ఎన్ని మొనలు, పైదవడ పన్ను క్రిందిదానితో ఎక్కడ కలుస్తుంది, అంచు ఎక్కడ ముగుస్తుంది అన్నది తెలియనివాడు ఊతను ఎక్కడ పెట్టకూడదో తెలిసికోలేడు. పెడనలో అచ్చు చెక్కేవారికి ఏ గీత రంగు పట్టాలో, ఏ లోతు పట్టకూడదో తెలిసినట్లే ఇది.

నమూనా తయారైన తరువాత కూడా తొందర పనికిరాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో రెండుసార్లు కడగాలి. ఎక్కువసేపు నానబెడితే నమూనా మెత్తబడుతుంది. పూర్తిగా ఆరిన తరువాతనే మళ్ళీ కాంతిలో పెట్టి గట్టిపరచాలి. ఊతలను విరవకుండా సన్నని కట్టరుతో మొనవద్ద కత్తిరించాలి. ఆ తరువాత కంప్యూటరులో రెండు దవడ పండ్ల మధ్య దూరమెంతో, చేతిలోని నమూనాలో ఎంతో కొలిచి పోల్చాలి. పచ్చి రెజిన్ చర్మానికి మంచిది కాదు; కొందరికి దద్దుర్లు తెస్తుంది. చేతితొడుగులు లేకుండా ముట్టరాదు. కడిగిన ఆల్కహాలును కాలువలో పోయరాదు. కాలువ నీటితో బ్రదికే డెల్టావారికి ఈ మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది.

దంతవైద్యమంటే మనకు వైద్యుడే కనిపిస్తాడు. ఈ దేశంలో ఆ విద్యకు గౌరవం తెచ్చినవారు డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1915లో పట్టం పుచ్చుకొని వచ్చి, 1920లో కలకత్తాలో భారతదేశపు మొదటి దంతవైద్య కళాశాలను నెలకొల్పారు. 1964లో పద్మభూషణులైనారు. వారి పేరు మన విద్యార్థులు ఎరిగి ఉండడం మంచిది. కాని వైద్యుని వెనుక నమూనా చేసే చేతులు కూడా ఉన్నవి. 1948 నాటి దంతవైద్యుల చట్టం ఆ చేతులను 'డెంటల్ మెకానిక్' అన్న పేరుతో ప్రత్యేక వర్గంగా గుర్తించింది. నోటిలో కూర్చొన్న పన్నును చూచి రోగి వైద్యునికి దండం పెడతాడు. రాత్రి తొమ్మిదింటిదాకా ఊతలు సరిచూచిన కుర్రవాని పేరు అతడికి తెలియదు. మా విద్యార్థికి దాని విషయమై బాధ లేదు. "బ్రిడ్జి తిరిగి రాకపోతే చాలు సార్, అదే మాకు పేరు" అన్నాడు.

విద్యార్థులారా! మీలో వైద్యకళాశాలలో సీటు రానివారు అనేకులుంటారు. సీటు రాలేదని ఇల్లు పట్టి కూర్చోకండి. బొమ్మ గీయగల చేయి, లెక్కకు భయపడని బుద్ధి, వెంట్రుకవాసి తేడాను సహించని ఓర్పు ఉన్నవారికి ఈ పనిలో చోటున్నది. పెడన అచ్చులవారి ఇండ్లలో, చిలకలపూడి నగల పనివారి ఇండ్లలో పుట్టినవారికి ఆ చేయి పుట్టుకతోనే ఉన్నది.

కళాశాల పాలకవర్గంవారికి మా మనవి ఒకటి. గన్నవరం దగ్గరి చినఅవుటపల్లిలో దంతవైద్య కళాశాల ఉన్నది, విజయవాడలో లాబొరేటరీలున్నవి. ఏటా విహారయాత్రకు కేటాయించే దినాలలో ఒక్క దినాన్ని ఇందుకు ఇప్పించండి. సైన్సు విద్యార్థులతోపాటు ఆర్ట్సు విద్యార్థులను కూడా తీసికొనిపోదాము. అనుమతి లేఖ వ్రాసే పని, బస్సు మాటలాడే పని మేము చూచుకొంటాము.