ఉదయగిరి నుంచి కువైట్ ఎంత దూరం?

చెన్నై టు కువైట్ అని ఫోన్‌లో కొట్టి చూడండి. ఆకాశమార్గాన సుమారు 3,780 కిలోమీటర్లు, డైరెక్ట్ ఫ్లైట్ అయితే అటూఇటూగా 5 గంటలు. చదవడానికి ఎంత సుఖంగా ఉందో! ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లకి ఈ లెక్క సగమే. మా ప్రయాణం చెన్నైలో మొదలవదు కదా.

మొన్నామధ్య మా చిన్నమ్మను ఫ్లైట్ ఎక్కించడానికి నేనూ వెళ్లాను. ఆమె కువైట్‌లో ఓ ఇంట్లో వంటపని చేస్తుంది. విమానం తెల్లవారి 5 గంటలకి. మేం ఉదయగిరిలో కారెక్కింది ముందురోజు రాత్రి 7కి. అంత ముందెందుకంటారా? నెల్లూరికే దాదాపు వంద కిలోమీటర్లు. అక్కణ్ణుంచి చెన్నైకి ఇంకో 175. ఎయిర్‌పోర్టేమో మీనంబాకంలో, అంటే సిటీకి ఆ చివర. 3 గంటల ముందే లోపలికి పోవాలి. మొత్తం మీద విమానం నేల వదలడానికే 10 గంటలు!

బ్యాగులో ఆవకాయ, కారప్పొడి, మా ఊరి చెక్క గరిటెలు నాలుగు. దారిలో ఏఎస్ పేట దర్గా దగ్గర ఆగి దండం పెట్టుకున్నాం. హిందువులైనా ముస్లింలైనా మావైపు చాలామందికి అది అలవాటు. ఆత్మకూరు, సంగం, బుచ్చి దాటాక హైవే ఎక్కాం.

ఇందులో ఓ తమాషా ఉంది. మ్యాప్ తీసి చూడండి, కువైట్ మాకు వాయవ్యాన ఉంది. మేం పోయేదేమో ఆగ్నేయానికి. ఉదయగిరి నుంచి గీత గీస్తే కువైట్ 3,600 కిలోమీటర్ల లోపే. అంటే దగ్గరున్న ఊరికి వీపు తిప్పి 280 కిలోమీటర్లు వెనక్కి పోయి, అక్కణ్ణుంచి ఎగరాలి. దగదర్తిలో విమానాశ్రయం అనే మాట ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం. వచ్చినా గల్ఫ్ ఫ్లైట్ ఉంటేనే మాకు లాభం.

"పోయేటప్పుడే ఎక్కువసేపు అబ్బయా, వచ్చేటప్పుడు తొందరగా వస్తది" అంది చిన్నమ్మ. ఇంటికొచ్చే సంతోషంలో అలా అనిపిస్తుందేమో అనుకున్నా. కాదు, నిజమే. పైన పడమటి గాలులు బలంగా వీస్తాయి, ముఖ్యంగా చలికాలంలో. పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. అరగంట దాకా తేడా వస్తుంది.

అమ్మమ్మ పోయినప్పుడు మాత్రం ఏ గాలీ సాయం చేయలేదు. చిన్నమ్మకి కబురు నిమిషంలో చేరింది. పాస్‌పోర్టు యజమాని దగ్గరుంది. ఆయన ఊళ్లో లేడు. అది చేతికొచ్చి, టికెట్ దొరికి, ఇల్లు చేరేసరికి ఐదో రోజు. కన్నతల్లిని సాగనంపడం ఆమె వీడియో కాల్‌లోనే చూసింది, ఎవరికీ వినపడకుండా బాత్రూమ్‌లో కూర్చుని. కారులో ఈ సంగతి చెప్తూ ఆమె ఏడవలేదు. కిటికీ వైపు తిరిగి, "నాయుడుపేట వచ్చిందా?" అని అడిగింది.

ఇమిగ్రేషన్ అయిపోయిందని ఫోన్ చేసేదాకా, ఆ తర్వాత విమానం లేచేదాకా బయటే ఉన్నాం. తిరుగుదారిలో ఆత్మకూరులో ఇడ్లీ తింటుంటే వాట్సాప్ మోగింది. మాకు 10 దాటింది, ఆమెకి ఏడున్నర దాటింది. "దిగినా. మీరు ఇల్లు చేరినారా?" అని వాయిస్ మెసేజ్.

మాకింకా గంట ప్రయాణం ఉంది.