అద్దింట్లో పనసచెట్టు

నాన్న గూడెం కొత్తవీధిలో టీచరుగా చేసినన్నాళ్లూ అద్దింట్లోనే ఉన్నాం. ఏజెన్సీలో గిరిజనేతరులు స్థలం కొనకూడదంటుంది 1970 నాటి 1/70 చట్టం. దాంతో సొంతింటి బెంగే లేదాయనకు. అయినా పెరట్లో పనస మొక్క నాటారు.

విశాఖలో ఆ బెంగ నాకు పట్టుకుంది. ఇప్పుడున్న ఫ్లాటు అద్దె 14 వేలు. అలాంటిదే కొనాలంటే 40 లక్షల అప్పు. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లపాటు నెలకు 34,700. మొత్తం 83 లక్షలు!

‘అద్దె కట్టడమంటే బూడిదలో పోసిన పన్నీరే’ అంటుంది మా ఆవిడ. మరి 43 లక్షల వడ్డీయో?

ఇంతలో ఇల్లు ఖాళీ చేయమన్నారు ఓనరుగారు. అయిదేళ్లలో ఇది మూడోసారి. పాప బడి మళ్లీ మారాలి. ఆ ఖర్చు నా లెక్కలో లేదు.

నాన్నకి ఫోన్ చేశాను. ‘కొనుక్కోరా. గూడెంలో మనల్ని ఎవరూ పొమ్మనలేదు. అందుకే అద్దిల్లయినా చెట్టు నాటాను’ అన్నారు.