తిండి ముచ్చట్లు – 9: పార్సిల్ ఇంటికా, రూముకా?

మల్లేపల్లి దాటినంక ఒక సందు, ఆ సందులో ఇంకో సందు. స్కూటీ తిప్పుకోరానంత ఇరుకు. బోర్డు లేదు. ఫోన్‌లో మ్యాప్ పెడితే పక్కనున్న పంక్చర్ షాపు చూపిస్తది. రాత్రి ఎనిమిది దాటితే మాత్రం ఎవర్నీ అడిగే పని లేదు, రుమాలీ రొట్టె కాలే వాసన పట్టుకుని పోవచ్చు.

ఈ మధ్య ఒక ఫుడ్ వ్లాగర్ తమ్ముడు ఈ హోటల్‌ని 'ఎవరికీ తెలియని అడ్డా' అన్నడు. ఎవరికీ తెలియకుంటే మొన్న నాకు ముప్పావుగంట దాకా కుర్చీ ఎందుకు దొరకలేదో! ఆటో అన్నలు, సెంట్రింగ్ పనోళ్లు, నైట్ డ్యూటీ నర్సులు, కోచింగ్ పిల్లలు, పెండ్లి బ్యాండు వాయించి డ్రెస్సు విప్పకుండనే వచ్చినోళ్లు. వీళ్లెవరూ ఆ 'ఎవరికీ'లోకి రారన్నమాట. తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని కదా, ఇసుంటి మాటల కాడ ఆగిపోత.

అక్కడ దొరికేది పెద్దకూర. హైదరాబాదోళ్లు 'బడే కా' అంటరు. కళ్యాణి బిర్యానీ ఉంటది. బీదర్ దిక్కు కళ్యాణి నుంచి వచ్చిన నవాబుల వంట అని చెప్తరు. నవాబుల సంగతేమో గానీ ఇప్పుడది కూలోళ్ల బిర్యానీ. కుంకుమపువ్వు గొడవ లేదు. చిన్న చిన్న ముక్కలు, టమాట, ధనియాలు, జీలకర్ర. ధర మటన్ బిర్యానీకి సగం అటూ ఇటూ. పొద్దుగాలైతే పాయా, నిహారీ. నాకైతే బోటి ఉన్న రోజు పండగ.

దొంగతనంగ అమ్మే సరుకు కాదిది. 1977 చట్టం ఆవుల్ని, దూడల్ని కోయొద్దన్నది. పనికి రాని బర్రెల్ని, దున్నల్ని సర్టిఫికెట్ తీసుకుని కోయొచ్చన్నది. ఈ హోటల్ల వండేది బర్రె మాంసమే. మరి బోర్డు ఎందుకు పెట్టలేదు చాచా అని అడిగిన. "బోర్డు పెడితే గిరాకీ పెరగదు బేటీ, అడిగేటోళ్లు పెరుగుతరు" అన్నడు. అడిగేటోళ్లంటే ఎవరో ఆయన చెప్పలే, నేనూ అడగలే.

సమసమాజం ఈ సందులోనే ఉందని రాస్తనని అనుకోకండి. ఆడోళ్లకు కింద కూసునే రివాజు లేదు. మెట్లెక్కి పోతే పర్దా కట్టిన 'ఫ్యామిలీ' గది, ఒక ఫ్యాను, అది కూడా ఆగి ఆగి తిరుగుతది. నేను ఒంటరిగ పోయిన మొదటిసారి "ఇంకా ఎవరొస్తరు మేడం?" అని మూడుసార్లు అడిగిండ్రు. ఎవ్వరూ రారని తేల్చుకున్నంక, నేను అడగకుండనే ఇంకో గరిటె సాల్నా పోసిండ్రు. కిందనేమో గోడ దిక్కు ముఖం పెట్టి తినే పెద్దమనుషులు కొందరుంటరు. ఊర్లో తినరు, ఇంట్లో తినరు, ఇక్కడ తింటరు. కౌంటర్ మీద సోంపు ఎక్కువ ఖర్చయ్యేది వాళ్ల వల్లనే.

కానీ నన్ను పట్టి ఆపింది పార్సిల్ కట్టే పిల్లగాడు. డబ్బులు తీసుకునే ముందు ఒక మాట అడుగుతడు: "ఇంటికా, రూముకా?"

ఇంటికంటే మామూలుగ కడతడు. రూముకంటే షేర్వా పొయ్యడు, పొడి ముక్కలే. పైన పేపరు, దాని మీద కవరు, ఆ కవరు మీద ఇంకో నల్ల కవరు. ఓనర్ల ముక్కులకు అందకుండ. ఏ ఏరియా అని అడిగి, కొన్ని పేర్లు వింటే మూడో కవరు కూడా తొడుగుతడు. ఈ నగరంలో ఎవరు ఎక్కడ ఎట్ల బతుకుతున్నరో అంత వివరంగ తెలిసినోడు నాకు యూనివర్సిటీలో కూడా కనపడలే.

మా నాయిన చిన్నప్పుడు ఊరి హోటల్ల మనోళ్ల చాయ్ గ్లాసు బయట చూరులో వేరే ఉండేదట. రాజ్యాంగం 15వ అధికరణ రెండో భాగంలో హోటళ్లు, దుకాణాలు అని పేరు పెట్టి మరీ రాసిండ్రు, ఎవర్నీ ఆపొద్దని. మేం లోపలికి వచ్చినం. మా కూర మాత్రం నల్ల కవర్ల తిరుగుతున్నది. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ పెడితే రాళ్లు పడ్డయి, పోలీసులు బాష్పవాయువు వదిలిండ్రు. అది ఒక్క రోజు సంగతి. ఈ పిల్లలు రోజూ తినాలె కదా.

క్లాసులో ఆముక్తమాల్యద చెప్తుంట. విష్ణుచిత్తుడు అతిథులకు కాలానికో తీరు వంట పెడతడు. వానాకాలం విందులో వరుగులు, వడియాలు ఉంటయి. పిల్లలు లొట్టలేస్తరు. మా అమ్మ కూడా వానాకాలానికని దండెం మీద ఎండబెట్టేది. అవి తునకలు. చింతచిగురుతో వండితే వాడకట్టంత వాసన. ఆ మాట నేను క్లాసులో చెప్తే రెండు బెంచీలు మూతి ముడుస్తయి, వెనకాల ఒక పిల్ల మాత్రం తలెత్తి చూస్తది.

అట్ల తలెత్తి చూసిన పిల్ల ఇప్పుడు అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదువుతున్నది. మూడో కవరు గిరాకీ తనది. పోయిన నెల ఓనరమ్మ చెత్తబుట్టల బొక్క చూసి రూము ఖాళీ చెయ్యమన్నది. ఆదివారం తనతోని నేనూ తిరిగిన. మూడిండ్లు చూసినం. "మీరేంటోళ్లు?" అని ఇద్దరు సూటిగనే అడిగిండ్రు. మూడో ఆమె మంచిగ మాట్లాడింది, "చికెన్ వరకైతే మాకేం ఇబ్బంది లేదమ్మా" అన్నది.

"పెద్దకూర కూడా వండుకుంట ఆంటీ" అన్నది మా పిల్ల.

బయటికొచ్చి ఇద్దరం చాయ్ తాగినం. "చికెన్ అంటే అయిపోయేది కదనే" అన్న. "వచ్చే బుట్టల ఏం కనపడ్తదో మేడం, ఇప్పుడే చెప్తే మళ్ల సామాను మోసుడు తప్పుతది కదా" అన్నది.

అశోక్‌నగర్, చిక్కడపల్లి, గాంధీనగర్ దిక్కు సింగిల్ రూము ఎవరికైనా తెలిస్తే ఇన్‌బాక్స్‌ల చెప్పండి. అద్దె ఆరు వేలలోపు. వంట తనే చేసుకుంటది, ఏం వండుకుంటదో పైన రాసిన.