మళ్లీ కోయలోనే

మా అక్క కొడుక్కి నాలుగేళ్లు. మాటల్లేవు, పిలిస్తే చూడడు. ఊళ్లో గాలి సోకిందన్నారు, టౌన్‌లో డాక్టర్ ఆటిజం అన్నాడు. "ఇంట్లో తెలుగే మాట్లాడండి, రెండు భాషలైతే కన్‌ఫ్యూజ్ అవుతాడు" అని ఎవరో చెప్తే మేమంతా కోయ మానేశాం. అక్కకి తెలుగు అంతంతే. వాడితో మాట్లాడటమే మానేసింది.

ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది మేమిద్దరం అన్నదమ్ములమే. 2 నుంచి 9 ఏళ్ల పిల్లల్ని చూసుకునేవాళ్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన ఆన్‌లైన్ ట్రైనింగ్ హాస్టల్లో రాత్రిళ్లు చూశాం. ఫ్రీనే, కానీ మేం చూసింది ఇంగ్లిష్‌లో. పొద్దున ఫోన్ చేసి అక్కకి కోయలో చెప్పేవాళ్లం (సిగ్నల్ కోసం పాపం గుట్ట ఎక్కేది). వాడి ఎదురుగా కింద కూర్చో. వాడు ఆడేదే నువ్వూ ఆడు. ఒకటి రెండు మాటలే చెప్పి, ఆగు. ఆ ఆగడమే కష్టం. వాడు చెంబు వైపు చూస్తే చాలు, మనం ఇచ్చేస్తాం కదా.

ఇంటి భాష వల్ల ఇలాంటి పిల్లలకి నష్టమని పరిశోధనల్లో తేలలేదని తర్వాత చదివాం. పోయిన ఏడాదంతా గుర్తొచ్చి మా మీద మాకే కోపం వచ్చింది.

మొన్న సెలవులకి వెళ్తే అక్క చెంబు పైన పెట్టి ఆగింది. వాడు ఆమె చెయ్యి పట్టి అటు లాగాడు. "ఏర్" అంది అక్క, మన భాషలో. వాడేమీ అనలేదు. అక్క నోటి వైపే చూస్తూ నీళ్లు తాగాడు.